పేరు చెప్పని ప్రార్థన అంశం

యాభై ఆరేళ్ల వయసులో శారమ్మ తన కోసం ఒక నోట్‌బుక్కు కొనుక్కుంది. తానుండే అర్సపల్లిలో బోధన్ రోడ్డు మీదున్న పుస్తకాల దుకాణానికి పోయి, రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం, రెండు నీలం పెన్నులు అడిగింది. ఏ క్లాసు పిల్లలకమ్మా అన్నాడు దుకాణదారు. ఏడు అంది. ఆమె చదువు ఆగింది అక్కడే.

ఈ వయసులో ఆమెకు ఈ సరదా పుట్టించినది రెబెకా. ఇద్దరూ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల పిల్లలు. రెబెకా తండ్రి గుమాస్తా, శారమ్మ తండ్రి చెరుకు బండ్లు దించే కూలీ. రెబెకా రెండేళ్లు పెద్దది, టీచరు ఉద్యోగం చేసి రిటైరైంది, చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. శారమ్మ నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో వార్డు ఆయమ్మ. చదువులు, జీతాలు వేరైనా స్నేహం మాత్రం నలభై ఏళ్లుగా తెగలేదు.

రిటైరైన టీచర్లకు ఫోనే పిల్లలు. ఆ ఫోనులోనే రెబెకా ఒక ఉపన్యాసం విన్నది. పొద్దున లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, చేత్తో రెండు పేజీలు రాయాలట. ఏది తోస్తే అది. పెన్ను ఆపొద్దు, వెనక్కి తిప్పి చదవొద్దు, ఎవరికీ చూపించొద్దు. అట్లా నూరు రోజులు రాస్తే మనిషిలో ఎండిపోయిన కళ మళ్లీ చిగురిస్తుందట. విన్నదాన్ని విన్నట్టే తెచ్చి శారమ్మ ముందు పెట్టింది.

"నాకేం కళ ఉన్నదక్కా? బెడ్‌షీట్లు మార్చే కళ ఉన్నది."

"క్రిస్మస్‌కు కోలాటం పాటలు కట్టింది ఎవరు మరి? నువ్వు పాడుతుంటె నేను రాసుకోలేదా?"

అది నిజం. పదహారేళ్లకే శారమ్మ పాటలు కట్టేది. చెరుకు గడలు మోస్తూ మోస్తూ నాలుగు చరణాలు కూర్చేది, సాయంత్రం రెబెకా వాటిని కాగితం మీద పెట్టేది. డిసెంబరు వచ్చిందంటే క్వార్టర్ల ఆడపిల్లలంతా ఆ పాటలకే కోలలు వేసేవాళ్లు. పంతొమ్మిదో ఏట పెళ్లయింది, పాట ఆగింది. పాడొద్దని ఎవరూ అనలేదు. పాడమని అడిగినవాళ్లూ లేరు.

"ఇద్దరం కలిసి రాద్దాం. నువ్వు మీ ఇంట్ల, నేను మా ఇంట్ల. ఒకలది ఒకలు సూడొద్దు," అంది రెబెకా. బైబిలు మీద చేయి వేసి మరీ అంది.

ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. శారమ్మ నాలుగున్నరకు లేచి, వంటింటి గడప మీద కూర్చుని, మోకాళ్ల మీద నోట్‌బుక్కు పెట్టుకుని రాసేది. మొదటి ఇరవై రోజులు ఆమె ఏం రాసిందో చెబితే నవ్వుతారు. నల్లా రాలేదు. ఉల్లిగడ్డ పిరమైంది. డ్యూటీ నర్సు మొఖం గంటు పెట్టుకున్నది. రెండు పేజీలు నిండేసరికి వేళ్లు లాగేవి. ఇదెక్కడి జీతం లేని బిగారు పని అనుకుంటూనే మర్నాడు మళ్లీ కూర్చునేది. ప్రతి సోమవారం సాయంత్రం రెబెకా ఇంట్లో ఇద్దరూ నోట్‌బుక్కులు మార్చుకునేవాళ్లు. చదవడానికి కాదు. బొటనవేలితో అంచులు జారవిడుస్తూ పేజీలు లెక్కపెట్టి, నిండినయ్ అనుకుని, ఎవరిది వాళ్లు తీసుకునేవాళ్లు. ఒకరికొకరు కాపలా అన్నమాట.

ఇరవై ఒకటో రోజో ఇరవై రెండో రోజో, శారమ్మ పెన్ను వీరస్వామి దగ్గరికి పోయింది.

వీరస్వామి ఆమె భర్త. ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర పని చేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి వాచ్‌మన్‌గా కుదిరాడు. తర్వాత పక్షవాతం వచ్చి నాలుగేళ్లు మంచం పట్టి, రెండేళ్ల కింద పోయాడు. చెడ్డవాడు కాదు. తాగుడు లేదు, చేయి చేసుకోవడం లేదు. పిలుస్తాడు, అంతే. మంచంలో పడ్డప్పటి నుంచి పది నిమిషాలకోసారి "శారా" అని పిలిచేవాడు. దిండు జరుపు, ఫ్యాను పెంచు, ఫ్యాను తగ్గించు. ఏమీ లేకపోతే ఉన్నవా లేవా చూద్దామని పిలిచేవాడు. పగలు ఆస్పత్రిలో పరాయి రోగులకు, రాత్రి ఇంట్లో సొంత రోగికి చేసి చేసి ఆమె నడుము వంగిపోయింది. సంఘంలో ఆమెకు పెద్ద పేరు వచ్చింది. కొత్త పెళ్లికూతుళ్లకు హితబోధ చేసేటప్పుడు పాస్టరు అయ్యగారు "మన శారమ్మను చూడండి" అనేవాడు.

ఆ పొద్దున ఆమె రాసింది ఇది:

"అందరి ముంగట ఆయన లేవాలె అని ప్రార్థన చేసిన. లోపల తీస్కపో ప్రభువా అని చేసిన. రెండేండ్లు గదే చేసిన. పానం పోయిన పొద్దుగాల, ఇంకా ఎవ్వలకు చెప్పకముందు, వంటింట్ల కూసోని గ్లాసు నిండ చాయ్ తాగిన. నడుమల ఎవ్వలు పిలువలే. అంత మంచి చాయ్ నా జన్మల తాగలే. తాగినంక ఏడ్చిన. ముందు మాత్రం తాగిన."

రాసి పెన్ను కింద పెట్టింది. భూమి బద్దలు కాలేదు. పాలవాడు వచ్చాడు, పాలు పోసి పోయాడు. ఆ రోజు ఆస్పత్రికి పోయే ఆటోలో ఆమెకు ఒళ్లంతా తేలికగా ఉంది. రెండేళ్లుగా మోస్తున్న బరువు కాగితం మీద దిగింది కదా మరి.

ఆ తర్వాత వారం రోజులకు, వార్డులో ఫినాయిల్ నీళ్లతో నేల తుడుస్తుంటే, నాలుక మీదికి ఒక చరణం వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

పొయ్యి నాది పొగ నాది, పొంగేటి చాయ్ నాది
పిలిచేటి గొంతు లేదు, గ్లాసు నిండ నాది
చెప్పుకుంటె పాపమాయె, చెప్పకుంటె లోపల
చెరుకు లేని గానుగోలె తిరిగె పానమంత

ముప్పై ఏడేళ్ల తర్వాత వచ్చిన పాట. శారమ్మ తుడుపు కర్ర పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పక్క మంచం దగ్గర దుప్పటి మడత పెడుతున్న హన్మవ్వ, జక్రాన్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆయమ్మ, ఇంకోసారి పాడుమంది. రెండోసారి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇది నా పాటనే గదనే. నీకెట్ల దొరికిందే?" అంది.

ఇంతకన్నా పెద్ద మెప్పు శారమ్మ అడగలేదు. డెబ్బయ్యో రోజు వచ్చేసరికి నోట్‌బుక్కులో మూడు పాటలు చేరాయి. పొద్దున అలారం మోగకముందే మెలకువ వచ్చేది. ఈ వయసులో ఒక మనిషి పొద్దు కోసం ఎదురుచూడటమంటే మాటలా.

ఏప్రిల్ చివర్లో పిల్లలకు సెలవులిచ్చారు. ఆర్మూర్‌లో ట్రాక్టర్ మెకానిక్‌గా పనిచేసే కొడుకు విజయ్ పాల్ భార్య ఆశాను, ఇద్దరు పిల్లలను పది రోజుల కోసం తీసుకొచ్చాడు. తను పొద్దున పనికి పోయి సాయంత్రం వచ్చేవాడు. రెండు గదుల ఇల్లు. మనవళ్లకు కాగితం కనబడితే పడవ, పెన్ను కనబడితే గోడ మీద ఏనుగు. నోట్‌బుక్కు ఎక్కడ దాచినా దొరికేట్టుంది. శారమ్మ దాన్ని క్యారీబ్యాగులో చుట్టి రెబెకా దగ్గరికి పట్టుకుపోయింది.

"అక్కా, పది రోజులు నీ బీరువాల పెట్టు. గప్పటిదాక విడి కాగితాల మీద రాసుకుంట."

"నా పానం లెక్క పెడ్త," అంది రెబెకా.

ఎవరింట్లోనైనా పెట్టి ఉండొచ్చు. హన్మవ్వ ట్రంకు పెట్టెలో పెట్టినా ఆమెకు చదువు రాదు కాబట్టి క్షేమంగా ఉండేది. కానీ తన మొదటి పాటలు రాసిపెట్టిన చేయి రెబెకాది. ఆ చేతిని నమ్మకుంటే ఇంకెవరిని నమ్మాలి? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇక్కడ ఆ సంఘం గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ చాడీలు చెప్పేవాళ్లు లేరు, అది పాపం. ప్రార్థన అంశాలు ఇస్తారు. ఫలానా సహోదరి కోడలితో మాట్లాడటం లేదు, ప్రార్థించండి. ఫలానా సహోదరుడు మళ్లీ సీసా ముట్టాడు, ప్రార్థించండి. విన్నవాళ్లంతా కళ్లు మూసుకుని, కన్నీళ్లు పెట్టుకుని, నిజంగానే ప్రార్థిస్తారు. లేచి ఇంటికి పోయేసరికి వార్త వీధి దాటి ఉంటుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు, అదే అసలు బాధ. తిట్టిపోద్దామంటే ఎదుటి మనిషి మోకాళ్ల మీద ఉంటుంది.

బుధవారం స్త్రీల సమాజం కూటానికి శారమ్మ పోలేదు, డ్యూటీ ఉంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆశా వంటింట్లో ఫోను పట్టుకుని నిలబడి ఉంది, అత్తను చూడగానే ఫోను కొంగు చాటుకు పెట్టుకుంది. విజయ్ పాల్ బనీను మీద, గ్రీజు చేతులు కడుక్కోకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు. పిల్లలు బయట ఆడుకుంటున్నారు.

"అమ్మా, గిది నీ గురించేనా?" అన్నాడు.

ఆశా ఫోను అందించింది. పెళ్లయిన కొత్తలో ఆశాను చేర్చిన స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో రెబెకా పెట్టినది ఇట్లా ఉంది:

"ప్రార్థన అంశము. మన సంఘములోని ఒక సహోదరి నిమిత్తము. ఈమె నాలుగు సంవత్సరములు మంచాన పడిన భర్తకు పరిచర్య చేసినది. ఆస్పత్రిలో పని చేయుచున్నది. అయితే హృదయములో భర్త మరణమును కోరుకొని, ఆ దినమున సంతోషించి, ఆ పాపమును ఒప్పుకొనక దాచుకొనియున్నది. పేరు చెప్పుట లేదు. ఆమె ఆత్మ రక్షణ కొరకు శుక్రవారము ఉపవాస ప్రార్థన. అందరును కూడి రావలెను."

కింద ముప్పై ఒక్క మంది దండాలు పెట్టారు. ఒకామె ఎవరింట్లో అని అడిగింది. ఇంకొకామె అర్సపల్లిలో అని చెప్పింది.

శారమ్మ ఫోను ఆశాకు తిరిగిచ్చింది. గోడ పట్టుకుని కూర్చుంది.

"బాపు సావాలని ప్రార్థన చేసినవా?"

ఆమె చెప్పాలనుకున్నది చాలా ఉంది. నాలుగేళ్లు, పది నిమిషాలకోసారి, నువ్వు ఆదివారం వచ్చి గంట కూర్చుని పోయినవు బిడ్డా, అని చెప్పొచ్చు. నేను సచ్చిపోతే బాగుండని కూడా ప్రార్థన చేసిన, అది నలభై ఎనిమిదో పేజీలో ఉంది, రెబెకాకు అది కనబడలేదా అని అడగొచ్చు. కొడుకు ముఖం చూసింది. ముప్పై రెండేళ్ల మగవాడు చిన్నపిల్లాడిలా పెదవి బిగబట్టి ఉన్నాడు. తండ్రి శవపేటిక మీద పడి ఏడ్చినప్పుడు కూడా ఆ ముఖం అట్లా లేదు.

"చెప్పమ్మా."

"చేతులు కడుక్కో. అన్నం తిను," అంది.

అతను తినలేదు. ఆ రోజు నుంచి తల్లితో మాటలు బంద్ చేశాడు. ఏదైనా కావాలంటే పిల్లలతో అడిగించేవాడు.

గురువారం పొద్దున శారమ్మ డ్యూటీకి పోకుండా రెబెకా ఇంటికి పోయింది. రెబెకా ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నిన్నటి నుంచి తానూ తినలేదని చెప్పింది.

"ఒక్క పేజీ సూద్దామని తెరిచిన శారా. నువ్వు మళ్లీ పాటలు కడుతున్నవంటే ఆగలేకపోయిన. గది సదివినంక నాకు నిద్ర పట్టలే."

"సదివినందుకు కోపం లేదక్కా. సదివి నన్ను తిట్టకపోయినవా? ఇంటికొచ్చి ఒక దెబ్బ కొట్టకపోయినవా? నాకే చెప్తే అయిపోవు గదా."

"నేను పేరు చెప్పలే."

"అడ్రసు చెప్పినవ్ గదా."

"నిన్ను పాపంల వదిలిపెట్టి నేనొక్కదాన్నే పరలోకం పోవాల్నా? నా చెల్లెవు గనుకనే గదా చేసిన. పరాయిదానివైతే నాకేం పని?"

ఆ మాటలో అబద్ధం లేదు. శారమ్మకు అదే తట్టుకోలేనిదైంది. పగతో చేసి ఉంటే పగతో జవాబిచ్చేది. ప్రేమతో చేసినదానికి ఏమని జవాబిస్తుంది? నా పుస్తకం నాకియ్యి అంది. రెబెకా లోపలికి పోయి బీరువా తెరిచింది. శారమ్మ వెనకే పోయింది. పై అరలో రెండు నోట్‌బుక్కులూ పక్కపక్కన ఉన్నాయి. ఏమనుకుందో ఏమో, శారమ్మ తనది వదిలేసి రెబెకాది అందుకుని తెరిచింది.

గుండ్రటి టీచరమ్మ అక్షరాలు. కొట్టివేత ఒక్కటి లేదు. మొదటి పేజీ మొదటి కీర్తన. తర్వాత రెండోది. పేజీలు తిప్పుతూ పోయింది. డెబ్బై ఎనిమిది రోజులుగా రెబెకా పొద్దున్నే లేచి దావీదు కీర్తనలు వరసబెట్టి ఎక్కించుకుంటూ వచ్చింది. ప్రతి సోమవారం శారమ్మ బొటనవేలితో లెక్కపెట్టి నిండినయ్ అనుకున్న పేజీలు ఇవే.

"మొదటి రోజు కూసున్న శారా," అంది రెబెకా మెల్లగా. "ఏం రాయాల్నో తోచలే. భయమైంది. ఏది తోస్తే అది రాయమంటే... ఏం తోస్తదో ఎవలికి తెలుసు."

"ఇద్దరం వాగుల దిగుదామంటివి. నన్ను దింపి నువ్వు ఒడ్డు మీదనే నిలబడ్డవ్ అక్కా."

రెబెకా తన పుస్తకం అందుకుని మూసింది. శారమ్మ తన నోట్‌బుక్కు తీసుకుని, క్యారీబ్యాగులో చుట్టుకుని బయటికి వచ్చింది. రోడ్డు మీద నడుస్తున్న ఆమెలో రెండు మంటలున్నాయి. తన రహస్యం బయటపడ్డ అవమానం ఒకటి. అది ఎప్పటికైనా చల్లారుతుందేమో. నలభై ఏళ్ల స్నేహంలో తానొక్కతే బట్టలు విప్పి నిలబడిందన్న సంగతి ఇప్పుడు తెలిసింది, అది చల్లారేది కాదు.

శుక్రవారం పదింటికే శారమ్మ ఇంటి గడప ముందు చెప్పులు కుప్ప పడ్డాయి. ముప్పై మందికి పైగా వచ్చారు. చాపలు చాలక పక్కింటి టార్పాలిన్ అడిగి తెచ్చారు. అయ్యగారి భార్య, సంఘమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, శారమ్మ తల మీద చేయి పెట్టింది. మిగతావాళ్లు భుజాల మీద, వీపు మీద, చేయి అందనివాళ్లు ముందున్నవాళ్ల వీపు మీద పెట్టారు. అందరూ ఒక్కసారే ఏడుస్తూ ప్రార్థించారు. ఆ వేడికి, ఆ చేతుల బరువుకి శారమ్మకు ఊపిరాడలేదు. కళ్లు తెరిచి చూస్తే, ఆ రోజు పని మానేసిన విజయ్ పాల్ గడప దగ్గర నిలబడి కనిపించాడు. తల్లి నోటి వైపే చూస్తున్నాడు.

రెండు రోజులుగా తనతో మాట్లాడని కొడుకు. ఎల్లుండి సాయంత్రం ఆర్మూర్ పోతే మళ్లీ వస్తాడో రాడో తెలియని కొడుకు. ఆ క్షణంలో ఆమెకు పాట గుర్తురాలేదు, పేజీలు గుర్తురాలేదు.

"తప్పు చేసిన ప్రభువా. నన్ను క్షమించు," అంది.

గదంతా స్తోత్రం అంది. విజయ్ పాల్ లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. రెబెకా అందరికన్నా ఎక్కువ ఏడ్చింది.

ఆదివారం సంఘం ముందు నిలబడి, మారిన మనసు గురించి సాక్ష్యం చెప్పాలన్నారు. రాసుకుంటే తడబడవు అంది అమ్మగారు. శనివారం సాయంత్రం అందరూ చూస్తుండగా గది మధ్యలో కూర్చుని శారమ్మ అదే నోట్‌బుక్కులో రాసింది. పావుగంటలో రెండు పేజీలు అయిపోయాయి. పెన్ను ఎక్కడా ఆగలేదు. నా భర్తగారు దేవుని వరము. ఆయన పరిచర్య నాకు భాగ్యము. సాతాను నా మనస్సులో విత్తిన ఆలోచనను నేను గుర్తించలేకపోతిని. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం విన్న మాటలు, కూర్చుకునే పని లేదు, వాటంతట అవే వచ్చి నిలబడ్డాయి.

ఆదివారం చదివింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. బయట ఎండలో ఆమె చుట్టూ చేరి, ఎంత బాగా రాసినవమ్మా అన్నారు. సమాజం వార్షికోత్సవంలో మళ్లీ చదివించాలని అమ్మగారు ఒక కాపీ అడిగింది. చిన్నప్పటి కోలాటం పాటలను తప్ప, తను కూర్చిన మాటలను నలుగురూ ఇంత మెచ్చుకోవడం శారమ్మ ఎరగదు. రెబెకా దగ్గరికొచ్చి చేయి నొక్కింది. శారమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే మళ్లీ ఒక ప్రార్థన అంశం అవుతుంది.

"బాపు ఉంటే మస్తు ఖుషీ అయ్యేటోడు," అన్నాడు విజయ్ పాల్. ఆ సాయంత్రం పోకుండా ఇంకో రోజు ఉంటానన్నాడు.

సోమవారం నాలుగున్నరకు ఆమె లేచింది. పిల్లలను దాటుకుంటూ వంటింటి గడప మీదికి పోయి నోట్‌బుక్కు తెరిచింది. నూరు రోజులకు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. రెబెకా సంగతి రాద్దామని కూర్చుంది. ఎంత కోపముందో అంతా రాస్తే, ఇంకేదైనా వస్తుందేమో చూద్దామనుకుంది. పెన్ను ఆనించగానే "కృపగల తండ్రీ, నా సహోదరి రెబెకా నిమిత్తము" అని పడింది. కొట్టేసింది. మళ్లీ మొదలుపెడితే "నేను ఎవరి మీదను కోపము ఉంచుకొనను" అని వచ్చింది. అదీ కొట్టేసింది. పోనీ ఎవరికీ సంబంధం లేనిది రాద్దామని, ఇడ్లీ పిండి పులిసిపోయిందని మొదలుపెట్టింది. "పిండి పులిసినను స్తోత్రము" అని పూర్తయింది.

ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. తను రాసే ప్రతి అక్షరం దగ్గరా ఇప్పుడు ముప్పై ఒక్క మంది నిలబడి ఉన్నారు. వాళ్లను వెళ్లగొట్టడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. చప్పుడు బయటికి రాకుండా, చేయి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

లోపల విజయ్ పాల్‌కు మెలకువ వచ్చింది.

"అమ్మా, ఏం రాస్తున్నవ్?"

"ప్రార్థన బిడ్డా."

"మంచిగ రాయి," అని అటు తిరిగి పడుకున్నాడు.